ఆకాశం కాపలా

దేశం మొత్తంలో ఆ మధ్యాహ్నం నిద్రపోయింది ఒక్క మనిషేనని తేల్చేశారు. పేపర్లో పేరు వెయ్యలేదు, పాపం, మర్యాద పాటించారు. "విధుల్లో ఉన్న మహిళా ఆపరేటర్" అని మాత్రం వేశారు. రాడార్ గదిలో మహిళా ఆపరేటర్ ఒక్కతే. పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి పసిపిల్ల దాకా క్వార్టర్స్‌లో అందరికీ తెలిసిపోయింది. ఇక పేరుతో పనేముంది?

గదిలో ఆమెను డేగ అని పిలిచేవారు. చేరిన కొత్తలో ఎవరో వెటకారానికి పెట్టిన పేరు. తర్వాత వెటకారం పోయి పేరు మిగిలింది. కొంగల గుంపు ఏదో, విమానం ఏదో తెర మీద చుక్క కదిలే తీరును బట్టి చెప్పేసేది. అత్తగారు ఇదే మాటను ఇంకోలా చెప్పేది. "మా కోడలు వంటింట్లో పాలు పొంగిపోతున్నా చూడదు గానీ, ఆకాశంలో ఈగ ఎగిరినా చూస్తుంది" అని వచ్చినవాళ్లందరికీ వినిపించేది. అందులో తిట్టెంతో మెప్పెంతో ఆవిడకే తెలియదు.

ఇప్పుడా అత్తగారే పేపరు మడిచి చంకలో పెట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతోంది. కోడలు నిద్రపోయిందట! పెళ్లయిన కొత్తలో, ఒళ్లు హూనమయ్యే చాకిరీ చేసిన రోజుల్లో కూడా పగటిపూట నడుం వాల్చని పిల్ల. అలా వాలిస్తే తను ఊరుకునేదా? ఆ సంగతి పేపరువాళ్లు తనను వచ్చి అడిగి ఉండాల్సింది అని ఆవిడ బాధ.

జరిగింది ఇదీ. ఊరంతా భోజనాలు చేసి కాస్త కునుకు తీసే వేళ, మూడు హెలికాప్టర్లు సరిహద్దు దాటి వచ్చాయి. నగరం చివర ఒక వీధి మీద ఆగాయి. తాళ్లు పట్టుకుని సైనికులు దిగారు. ఒక మేడ మీది వాటాలో అద్దెకుంటున్న మనిషిని రెక్క పట్టుకుని లాక్కుపోయారు. ఆ మనిషి ఎవరో, ఏం చేశాడో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పక్క డాబా మీద తలుపు బిగిస్తున్న వడ్రంగి మాత్రం తుపాకీ దెబ్బకు అక్కడికక్కడే పోయాడు. వచ్చినవాళ్లు శత్రువులు కారు. మిత్రదేశం వాళ్లు. మన సైన్యానికి తుపాకులిచ్చేది వాళ్లే, శిక్షణ ఇచ్చేది వాళ్లే, డేగ ఎదురుగా కూర్చునే రాడార్ తెర కూడా వాళ్లు కానుకగా ఇచ్చిందే. పండుటాకు లాంటి ఒప్పందం ఒకటుంది, పాతది, ఒకరి గడప ఒకరు అడక్కుండా తొక్కకూడదని. దాని మీద ఇద్దరూ సంతకాలు చేసి ఫొటోలు కూడా దిగారు.

ప్రభుత్వం "మాకు తెలియదు" అంది. తెలిసి ఊరుకున్నామంటే జనం తన్ని తగలేస్తారు. తెలియదంటే, మరి కాపలావాళ్లు ఏం చేస్తున్నారని అడుగుతారు. ఈ రెంటిలో రెండో తిట్టే చవక. దాన్ని మొయ్యడానికి ఒక మనిషి దొరికితే చాలు, మిగతావాళ్లు చేతులు దులుపుకోవచ్చు. మనిషి దొరికింది.

కానీ డేగ చూసింది. చూడటమే కాదు, చెప్పింది కూడా.

ఆ గదిలో ఒక పద్ధతుంది. తెర ముందున్నవాళ్లు ఏది చూసినా పైకి చెప్పాలి. పిట్టల గుంపైనా సరే, గాలివాన మబ్బైనా సరే. గదిలో ఉన్న మిగతావాళ్లు చేస్తున్న పని ఆపకుండానే "విన్నాం" అనాలి. విన్నాం అనేదాకా చెప్పినవాళ్లు మళ్లీ మళ్లీ చెబుతూనే ఉండాలి. రాతకోతలు తర్వాత, ముందు నోరు. ఎప్పుడో ఒక ఆపరేటర్ చూసి కూడా గొంతు పెగలక ఊరుకుంటే పెద్ద ప్రమాదం జరిగిందట, అప్పటినుంచి వచ్చిన అలవాటు. అది ఎంతగా జీర్ణించిపోయిందంటే, డేగ ఇంట్లో "ఉప్పు అయిపోయింది" అన్నా మొగుడు "విన్నాం" అనాల్సిందే, లేకపోతే ఇంకోసారి అంటుంది.

గదిలో ఆమెతోపాటు ఉండేది ఇద్దరు. రేడియో దగ్గర కూర్చునే కుర్రాడు ఒకడు. గొంతు ఖంగుమంటుంది కాబట్టి గంట అనేవారు. వెనక బల్ల దగ్గర పెద్దసారు. ఇక అద్దాల గదిలో ఇంకొకాయన ఉండేవాడు, మిత్రదేశపు అధికారి. సలహాలివ్వడానికి వచ్చానంటాడు. ఎప్పుడొచ్చాడో గుర్తుంది గానీ ఎప్పుడు వెళతాడో ఎవరికీ తెలియదు. మెత్తటి కుర్చీ ఆయనకి, ఏసీ ఆయనకి, ఆయన ఫోన్ ఆయనకి. కాఫీ కాస్త చల్లారితే పెద్దసారే లేచి కంగారు పడతారు. అందుకని గదిలోవాళ్లు ఆయనకి అల్లుడుగారని పేరు పెట్టారు. మంచివాడే. ఊరెళ్లి వస్తే అందరికీ చాక్లెట్లు తెచ్చేవాడు. అందుకే ఆయన మీద ఎవరికీ కోపం వచ్చేది కాదు.

ఆ మధ్యాహ్నం డేగ, మన విమానాలు పంపే గుర్తు లేని మూడు చుక్కల్ని చూసి, చెప్పాల్సినట్టే చెప్పింది. ఇద్దరూ విన్నాం అన్నారు. అద్దాల తలుపు తీసుకుని అల్లుడుగారు వచ్చి, వంగి పెద్దసారు చెవిలో ఏదో అన్నాడు. పెద్దసారు ఫోనందుకుని, గోడవైపు తిరిగి, రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశారు. "వదిలెయ్ అమ్మాయ్" అన్నారు. ఎవరివి సార్ అని అడిగింది. వదిలెయ్యమన్నానుగా అన్నారు. గంట తల వంచుకుని రేడియో మీటల వైపు చూశాడు. చుక్కలు నగరం అంచుదాకా వచ్చి తెర మీంచి మాయమయ్యాయి. కాసేపటికి మళ్లీ పైకి లేచి, వచ్చిన దారినే పోయాయి. అంతసేపూ డేగ కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తూనే ఉంది. వదిలెయ్యమన్నారు గానీ, చూడొద్దని ఎవరూ అనలేదు.

పేపర్లో వార్త వచ్చిన రోజు సాయంత్రం పెద్దసారు క్వార్టర్స్‌కి వచ్చారు. ఆయన రావడం ఆ ఇంటికి కొత్త కాదు. డేగకి ఉద్యోగం నేర్పింది ఆయనే. తండ్రి లేని పిల్లకి పెళ్లిలో పెద్దగా నిలబడింది ఆయనే. అత్తగారు ఎప్పటిలాగే మంచినీళ్లిచ్చి, ఎప్పటిలా కాకుండా అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

ఆయన చాలాసేపు ఎండల గురించి మాట్లాడారు. తర్వాత గ్లాసు కింద పెట్టి అసలు సంగతికి వచ్చారు. రేపో మాపో విచారణ మొదలవుతుంది. ఒక్క మాట అంటే చాలు. ఒంట్లో బాగాలేదు, మందు వేసుకున్నాను, కళ్లు మూతపడ్డాయి. అంతే. ఉద్యోగం పోదు, తను చూసుకుంటాడు. సామాన్ల గిడ్డంగిలో వేస్తారు, క్వార్టర్స్ ఉంటుంది, ఏడాది తిరిగేసరికి జనం మర్చిపోతారు. ఆ మాట అనకపోతే తన పదవి పోతుంది, తన పైవాళ్ల పదవులు పోతాయి, ఒప్పందం పోతుంది. ఆ తర్వాత సరిహద్దు అవతల నిజంగా పగబట్టి కూర్చున్నవాడు వస్తే, మనకు అండగా నిలబడేవాడు ఎవరుంటారు?

"నేను చెప్పినప్పుడు మీరు విన్నాం అన్నారు సార్" అంది డేగ.

పెద్దసారు కండువాతో మొహం తుడుచుకుని, గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి, అత్తగారికి చెప్పి వెళ్లిపోయారు.

మొగుడు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. నెమ్మదస్తుడు, గొడవంటే గిట్టదు. ఆ మనిషి వీరుడిలా ఛాతీ విరుచుకుని నిజమే చెప్పు అంటాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చెప్పేస్తే పోలా, అన్నాడు. ఆలోచించు, గిడ్డంగి అయితే సాయంత్రాలు ఇంటిపట్టునుంటావు, నీ కళ్లకీ విశ్రాంతి. నువ్వు నిద్రపోయావన్నంత మాత్రాన నువ్వు నిద్రపోయినట్టవుతుందా? మనకు తెలుసు కదా, చాలదా?

చాలదు. ఎందుకు చాలదో డేగ చెప్పలేకపోయింది. తనకి పెద్ద చదువుల్లేవు, అందం గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు, వంట సంగతి అత్తగారు చెప్పనే చెబుతోంది. తనకంటూ ఉన్నది ఆ చూపొక్కటే. చేరిన కొత్తలో తండ్రికి ప్రాణం మీదకి వచ్చిందని కబురొస్తే, తన తర్వాతి మనిషి వచ్చి కూర్చునేదాకా కుర్చీ వదలకుండా చూసిన చూపు అది. ఆసుపత్రికి వెళ్లేసరికి తండ్రి లేడు. ఆ కుర్చీలో కునుకు తీశానని ఇప్పుడు తన నోటితో తనే అంటే, ఆ రోజు తండ్రి దగ్గరకు ఎందుకు పోలేదో తనకు తానే చెప్పుకోలేకపోతుంది. ఈ మాట మొగుడితో అనలేక, బియ్యంలో రాళ్లేరుతూ ఏడ్చింది. మాస్టారు చూసి, చేట తను తీసుకుని మిగతావి ఏరాడు.

విచారణ పాత టౌన్‌హాల్లో పెట్టారు. వేదిక మీద రిటైరైన జడ్జిగారు, పక్కన ఇద్దరు సభ్యులు, కింద ప్రభుత్వ వకీలు, వెనక జనం. మైకు మాటిమాటికీ కీచుమంటోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి ఎవరికీ తగలడం లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి, కాపలాదారు నిద్ర గురించి విచారిస్తున్న జడ్జిగారే కునికిపాట్లు పడటం మొదలుపెట్టారు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వితే ఉలిక్కిపడి కళ్లజోడు సర్దుకున్నారు.

ముందు పెద్దసారుని పిలిచారు. ఆపరేటర్ నుంచి తనకు ఏ సమాచారమూ అందలేదని ఆయన గోడ మీద గడియారాన్ని చూస్తూ చెప్పారు. తర్వాత గంట వచ్చాడు. ఎప్పుడూ గది అదిరేలా మాట్లాడేవాడు, ఆ రోజు మైకు ఉండి కూడా వినబడలేదు. జడ్జిగారు గట్టిగా చెప్పమన్నారు. "నాకేమీ వినపడలేదండీ" అన్నాడు. డేగకి వాడి మీద కోపం రాలేదు. వాడి భార్యకి నెలలు నిండాయి. దూరప్రాంతానికి బదిలీ మాట ఎవరో వాడి చెవిన వేశారని ఆమెకు తెలుసు. అయినా, ఎన్నేళ్లుగానో తన ప్రతి మాటకీ బదులు పలికిన గొంతు అది. వాడు వచ్చి ఆమె వెనక బెంచీలోనే, మొహం చాటేసుకుని కూర్చున్నాడు.

ఆమె వంతు వచ్చింది. లేచి నిలబడిన చోటినుంచే చెప్పమన్నారు. వకీలు చాలా మర్యాదగా, తోబుట్టువుని పలకరించినట్టు మొదలుపెట్టాడు. ఆ రోజు తమరికి ఒంట్లో నలతగా ఉందని తెలిసింది, నిజమేనా? మందులు కూడా వాడారట. సమాధానం కూడా ఆయనే అందిస్తున్నాడు, ఆమె తల ఊపితే చాలు.

లేదండీ, బాగానే ఉన్నాను అంది డేగ. హాల్లో గుసగుసలు బయల్దేరాయి. వకీలు చిరునవ్వు చెదరనివ్వలేదు. అయితే హెలికాప్టర్లను చూశానంటారా? చూశాను. చూసి ఏం చేశారు? చెప్పాను. ఎవరికి చెప్పారు?

"గదికి చెప్పాను" అంది.

జనం నవ్వారు. వకీలు కూడా నవ్వి, గదికి చెప్పడమేమిటమ్మా, గోడలకా, అన్నాడు. నవ్వులకి జడ్జిగారికి పూర్తిగా మెలకువ వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, ముసలివాడంతే. మీ గదిలో పని ఎలా జరుగుతుందో నాకు తెలియదు, ఆ రోజు ఏం చెప్పారో, ఎలా చెప్పారో, అదే మాట అలాగే చెప్పండి అన్నారు.

డేగ ముందున్న కుర్చీ వీపు పట్టుకుంది. ఎదుటి గోడ మీద చూపు నిలిపింది. అందర్నీ మర్చిపోయింది. ఆ గదిలో పలికే గొంతు వేరు. ఏ ఆదుర్దా లేకుండా, ఎత్తుపల్లాలు లేకుండా, ఒక్కొక్క మాటే పెట్టినట్టు ఉంటుంది. ఆ గొంతు దానంతట అదే వచ్చింది.

"ఈశాన్యం. మూడు. కిందుగా వస్తున్నాయి. మన గుర్తు లేదు."

"విన్నాం."

హాలు అదిరింది. వెనక బెంచీలోంచి గంట అన్నాడు, మైకు లేకుండా, ఎప్పటి గొంతుతో. ఆ వెంటే ముందు వరసలోంచి ఇంకో గొంతు, మెల్లగా, అలవాటు కొద్దీ అదే మాట అంది. పెద్దసారు.

తను ఏమన్నాడో గంటకి అప్పుడు తెలిసింది. రెండు చేతులతో నోరు మూసుకుని, తర్వాత ఆ చేతులు తీసేసి, పసివాడిలా భోరుమన్నాడు. పెద్దసారు తల వంచుకున్నారు. వకీలు కాగితాలు సర్దుకున్నాడు. సర్దాల్సినవేం లేకపోయినా సర్దుకున్నాడు. జడ్జిగారు కళ్లజోడు తీసి, ముందు పెద్దసారునీ తర్వాత గంటనీ చూసి, ఇవాల్టికి చాలన్నారు.

మర్నాటికి ప్రభుత్వం మాట మార్చింది. మార్చిందంటే ఒప్పుకోదు, ఇంతకుముందు చెప్పలేని సంగతిని ఇప్పుడు చెబుతున్నామంది. అదంతా మన అనుమతితో, మన సహకారంతో జరిగిన రహస్య చర్యట. దేశభద్రత కోసం అప్పుడు తెలియదనాల్సి వచ్చిందట. సిబ్బంది అప్రమత్తంగా ఉన్నారు, ఆదేశాల మేరకు నడుచుకున్నారు, వారికి అభినందనలు. వడ్రంగి మృతికి విచారం. ఆశ్చర్యం ఏమిటంటే, జనం కూడా తన్ని తగలెయ్యలేదు. రెండు రోజులు అరిచారు, మూడోనాడు ధరల గురించి అరవడం మొదలుపెట్టారు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే డేగను నిద్రపుచ్చే శ్రమ తప్పేది.

ఇక అత్తగారిని పట్టడానికి లేదు. పేపరు పట్టుకుని వాటావాటాకీ వెళ్లి చదివించింది. అప్రమత్తం అనే మాట దగ్గర ఆగి, అంటే ఏమిటో అందరికీ విడమరిచి చెప్పింది. పరేడ్ మైదానంలో చిన్న సభ పెట్టి డేగకి పతకం ఇచ్చారు. అల్లుడుగారు ముందు వరసలో కూర్చుని అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు. దాచిపెట్టి ప్రయోజనం లేదు, డేగకి సంతోషమే వేసింది. ఆ వారమంతా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. నేను చూశానని ఊరంతటికీ తెలిసింది, ఇంకేం కావాలి అనుకుంది.

ఒకరోజు క్యాంటీన్లో పెద్దసారు టీ గ్లాసు పట్టుకుని ఆమె బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నారు. టౌన్‌హాల్ తర్వాత ఇద్దరూ ఎదురుపడింది అప్పుడే. ఆయన పదవి పోలేదు, ఎవరి పదవీ పోలేదు. ఉండబట్టలేక ఆమే అడిగింది. అనుమతి ఉందని ముందే తెలిస్తే, చుక్కల్ని చూసినప్పుడు ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు కదా సార్, ఎందుకింత కథ నడిపారు?

పెద్దసారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. అనుమతీ లేదు, పాడూ లేదన్నారు. అల్లుడుగారు చెవిలో చెప్పిందల్లా, అవి మావే, వదిలెయ్యండి అని. తను పైకి ఫోన్ చేస్తే అవతల పెద్దాయన, "ఏవి? ఎవరివి?" అన్నాడట. ఆయనకి మొదట చెప్పిందే తను. కనుక్కుని చెబుతానన్నవాడు, ఫోన్ పెట్టకుండానే, వాళ్లవేగా, వదిలెయ్ అన్నాడట. ఆ పైన ఎవరినీ అడిగినట్టు లేదు. ఆ పైవాళ్లకి టీవీలో చూశాకే తెలిసింది. ఇప్పుడు చూపిస్తున్న అనుమతి తర్వాత పుట్టించింది.

"అంటే మనల్ని ఎవరూ అడగనే లేదా సార్?"

"అడిగితే మాత్రం కాదంటామా అమ్మాయ్? ఆ సంగతి వాళ్లకి తెలుసు. అందుకే అడగలేదు."

అని ఆయన టీ తాగారు. ప్రకటనలో ఉన్నదానికంటే ఒక్క ముక్క కూడా బయట మాట్లాడొద్దని పైనుంచి గట్టిగా చెప్పారని, వెళ్లబోతూ ఆమెకీ చెప్పారు. డేగ చల్లారిన టీ ముందు పెట్టుకుని కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ, చూశానా లేదా అన్నదొక్కటే తనకు ముఖ్యం. చూస్తే చాలు, చెబితే చాలు, మిగతాది వెనక బల్ల వాళ్లు చూసుకుంటారని నమ్మింది. వెనక బల్ల ఆ పై బల్లని నమ్మింది. ఆ చివరి బల్ల దగ్గర అసలు ఎవరూ లేరేమోనని ఆమెకి మొదటిసారి అనుమానం కలిగింది.

ఆ తర్వాత ఒక సెలవురోజు, పట్టపగలు, ఒకావిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, రాడార్ మేడం ఇల్లు ఇదేనా అని అడిగింది. పోయిన వడ్రంగి భార్య. అత్తగారు ఆ మాట వినగానే ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఆవిడ ఏమీ అడుక్కోవడానికి రాలేదు, ఎవరినీ తిట్టడానికీ రాలేదు. కాస్త కుదుటపడ్డాక, ఒక్క సంగతి తేల్చుకుని వెళదామని వచ్చానంది.

చప్పుడు దగ్గరవుతుంటే, అన్నం క్యారేజీ తెచ్చిన తను కింద మెట్ల దగ్గర నిలబడి, దిగి వచ్చెయ్యమని కేకేసిందట. ఆయన పైనుంచి తొంగిచూసి నవ్వాడట. "భయపడకే, మనవాళ్లే" అన్నాడట. అని, వాళ్లకేసి చెయ్యెత్తి ఊపాడట. ఆ చేతిలో సుత్తి ఉంది.

"ముందు గవర్నమెంటోళ్లు మాకు తెలీదన్నారు. అందరూ ఏమన్నారంటే, మీ ఆయన అమాయకుడు, ఎవరో ఏంటో తెలుసుకోకుండా చెయ్యి ఊపి ప్రాణం మీదకి తెచ్చుకున్నాడన్నారు. ఇప్పుడేమో మన అనుమతితోనే వచ్చారంటున్నారు. అంటే ఆయన అన్నది నిజమే కదా. ఆయన పొరపడ్డాడా లేదా అన్నది నాకు తెలియాలి మేడం. మా పిల్లలు అడుగుతున్నారు. మీరు మీ కళ్లతో చూశారట. వాళ్లు మనవాళ్లేనా?"

అత్తగారు కోడలివైపు తిరిగింది. చెప్పవే, నువ్వేగా చూసింది అంది, కొంత గర్వంగానే. గోడకి పతకం వేలాడుతోంది. అత్తగారే మేకు కొట్టించి తగిలించింది.

డేగకి రెండు మాటలు నోటిదాకా వచ్చాయి. మనవాళ్లే అంటే, అది పై నుంచి వచ్చిన ఆదేశం ప్రకారమే అవుతుంది, ఎవరూ తప్పు పట్టరు. ఈవిడ కూడా ఆయన పొరపడలేదని పిల్లలకి చెప్పుకుని, ఆ కాస్త ఊరటతో బతుకుతుంది. అది అబద్ధమని ఈవిడకి ఎప్పటికీ తెలియదు. కాదంటే, ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ఎదురుగా కూర్చున్న మనిషికి మిగిలిన ఆ కాస్త ఊరటా తన చేత్తో లాగేసుకున్నట్టవుతుంది. కానీ ఆవిడ ఊరట కోసం రాలేదు. నిజం చెప్పే మనిషి ఒకరున్నారని విని, రెండు బస్సులు మారి వచ్చింది.

"కాదమ్మా. వాళ్లు మనవాళ్లు కారు."

ఆవిడ ఏడుస్తుందనుకుంది డేగ. ఏడవలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. ఆయనకెట్లా తెలుస్తుంది మేడం అంది చివరికి, ఎవరి మీదా నింద లేకుండా. మన ఊరి మీదకి మనవాళ్లు కాక ఇంకెవరొస్తారని అనుకుని ఉంటాడు. నేనైనా అదే అనుకుందును.

మంచినీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, లేవబోయి మళ్లీ ఆగింది.

"మరి మనవాళ్లు ఎక్కడున్నారు మేడం, అప్పుడు?"

డేగ ఆవిడ మొహంలోకి చూడలేక, చూపు తిప్పుకోలేక, అలాగే కూర్చుంది.

"ఇక్కడే ఉన్నామమ్మా" అంది. "చూస్తూ కూర్చున్నాం."